కరపత్రాల సంచి ఇంట్లోనే పెట్టి రండి

పాఠకుల ప్రశ్నలు, అక్క జవాబులు

చెన్నైలోని తెలుగు క్రైస్తవ సంఘాల (చర్చిల) గురించి పోయిన సంచికలో నాలుగు ముక్కలు రాశాను. అది చదివి బెంగళూరు నుంచి చాలామంది రాశారు. దాదాపు అందరిదీ ఒకే మాట: వేసవి సెలవుల్లో యూత్‌ని తీసుకుని నాలుగైదు రోజులు చెన్నైకి మిషన్ ట్రిప్ వద్దామనుకుంటున్నాం, ఏం చేయాలి, ఏం చేయకూడదు? విడివిడిగా రాస్తే తెమలదు, అందుకే కొన్ని ఉత్తరాలు ఏరి ఇక్కడే జవాబిస్తున్నాను. పేర్లు తీసేశాను, ఏరియాలు మాత్రం ఉంచాను.

ప్రశ్న: అక్కా, వందనాలు. మా తెలుగు సంఘం నుంచి ఇరవై మందిమి వస్తున్నాం. ఎక్కువమందిమి సాఫ్ట్‌వేర్ వాళ్ళమే. మే నెలలో ఐదు రోజులు ఉత్తర చెన్నైలో ఉంటాం. మత్స్యకారుల పేటల్లో, తెలుగు కాలనీల్లో తెలుగు కరపత్రాలు పంచి, బియ్యం కిట్లు ఇచ్చి, చివరి రోజు మెరీనా బీచ్‌లో పాటలు పాడి సాక్ష్యాలు (దేవుడు మాకు చేసిన మేళ్ళు) చెప్పాలని ప్లాన్. షెడ్యూల్ జత చేశాను, చూసి చెప్పండి. (యూత్ లీడర్, కె.ఆర్.పురం)

జవాబు: వందనాలు తమ్ముడూ. షెడ్యూల్ చూశాను. ఏ పూట టిఫిన్ ఎక్కడ, ఏ రోజు ఏ రంగు టీషర్ట్ అన్నదాకా రాశారు. మిమ్మల్ని ఇక్కడికి ఎవరు రమ్మన్నారో మాత్రం అందులో ఎక్కడా లేదు. ఈ పేటల్లో సంఘాలున్నాయి, పాస్టర్లున్నారు, ఇంటింటికీ తిరిగే అక్కలున్నారు. వాళ్ళలో ఒక్కరికీ ఫోన్ చేయకుండానే షెడ్యూల్ తయారైపోయిందంటే, మీ ట్రిప్‌లో అసలు సమస్య అదే. మిగతావన్నీ సర్దుకునేవే.

ముందు కరపత్రాల సంగతి చెబుతాను. వ్యాసర్పాడి, పులియంతోపు, పెరంబూరు వైపు తెలుగు మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి మద్రాసు కార్పొరేషన్‌లో సఫాయి పనికని వచ్చి స్థిరపడ్డవాళ్ళ మనవలు, మునిమనవలు వాళ్ళలో ఎంతోమంది. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, కానీ బళ్ళో చదివేది తమిళం. బడుల్లో తమిళాన్ని తప్పనిసరి చేస్తూ 2006లో చట్టం వచ్చింది, ఒకటో తరగతితో మొదలుపెట్టి ఏటా ఒక తరగతి చొప్పున అమలు చేసుకుంటూ పోయారు. దాంతో ఇప్పుడు ప్లస్ టూ చదివే పిల్ల మీతో గడగడా తెలుగు మాట్లాడుతుంది, మీ కరపత్రం చేతిలో పెడితే మాత్రం అటూ ఇటూ తిప్పి చూసి, నవ్వి, మర్యాదకి మడిచి పెట్టుకుంటుంది. సండే స్కూల్ పిల్లల నోట్‌బుక్ ఒకటి అడిగి తీసుకుని చూడండి. పాట తెలుగుదే, రాసుకున్నది తమిళ అక్షరాల్లో. తమిళంలో త, ద రెండింటికీ ఒకటే అక్షరం కాబట్టి ఆ నోట్‌బుక్ చూసి బయటివాళ్ళు పాడితే ‘దేవా’ కాస్తా ‘తేవా’ అయిపోతుంది. వీళ్ళకి పాట చెవిన పడి వచ్చింది గనక తప్పు రాదు. ప్రింటింగ్‌కి పెట్టే డబ్బుతో వీబీఎస్ (వేసవి సెలవుల బైబిల్ బడి) పిల్లలకి తెల్ల నోట్‌బుక్కులు కొనండి, పనికొస్తాయి.

ఇక బియ్యం కిట్లు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్లతో చేపల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆపుతారు. మీరొచ్చేది సరిగ్గా అప్పుడే. కాశిమేడు హార్బర్‌లో బోట్లన్నీ ఒకదానికొకటి ఆనుకుని నిలబడి ఉంటాయి, మగవాళ్ళు నీడలో కూర్చుని కాలి బొటనవేలికి వల బిగించుకుని చిరుగులు అల్లుకుంటుంటారు. ప్రభుత్వం నిషేధకాలపు సాయం ఇస్తుంది గానీ, బోటు మీద కూలికి వెళ్ళేవాళ్ళకి చేతిలో డబ్బు ఆడని రోజులవి. ఖాళీగా ఉంటారు, పలకరిస్తే మాట్లాడతారు, ఆ రకంగా మంచి సమయమే. కానీ అదే సమయంలో ఒక చేత్తో బియ్యం సంచి, ఇంకో చేత్తో సువార్త పుస్తకం పట్టుకుని గుమ్మంలో నిలబడితే ఊళ్ళో ఏమనుకుంటారో నేను చెప్పక్కర్లేదు. ఊరి మాట అలా ఉంచండి, ఆ ఇంటావిడకి మీకు ‘వద్దు బాబూ’ అని చెప్పే వీలు లేకుండా చేసినట్టే కదా?

ఈ విషయంలో మనకి మన చరిత్రే ఉంది. 1876–78 కరువులో ఒంగోలు క్లౌ దొర, అమెరికన్ బాప్టిస్టు మిషనరీ, బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్న జనానికి పని చూపించి కూలి ఇప్పించారు. పని దగ్గర బోధకులు జనంతో మాట్లాడేవాళ్ళు, అది నిజమే, దాచక్కర్లేదు. కానీ కరువు నడుస్తున్నంతకాలం, ఏడాదికి పైగా, బాప్తిస్మం ఇమ్మని వచ్చినవాళ్ళకి ఇవ్వకుండా ఆపేశారు. కూటి కోసం వస్తున్నారేమో తేల్చుకోవాలి కదా. సాయాలు ఆగిపోయాక కూడా జనం రావడం మానలేదు, అప్పుడే ఇచ్చారు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి. అంకె మనవాళ్ళు ప్రతి కూటంలో చెప్పుకుంటారు, ముందు ఆగిన ఆ నెలల సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. ఆ కాలువ చెన్నై ఊరి మధ్య నుంచే పోతుంది. వేలచ్చేరి వెళ్ళే లోకల్ రైలు ఎక్కితే కిటికీ పక్కనే కనిపిస్తుంది, ఇప్పుడు నల్లటి మురుగు, ముక్కు మూసుకోవాల్సిందే.

కాబట్టి బియ్యం ఇవ్వాలనిపిస్తే స్థానిక సంఘం చేతికిచ్చి మీరు పక్కకు తప్పుకోండి. ఎవరికి అవసరమో వాళ్ళకి తెలుసు, ఏ మతమని అడగకుండా ఇవ్వమని చెప్పండి. పాత బట్టలు మాత్రం తేవద్దు. 2004 డిసెంబర్ 26 సునామీ తర్వాత నాగపట్నం వైపు దేశమంతా పంపిన పాత బట్టలు రోడ్ల పక్కన గుట్టలుగా పడి ఉండటం ఈ తీరంలో ఎవరూ మర్చిపోలేదు.

మెరీనా కూడా వదిలేయండి. పోలీసుల అనుమతి లేకుండా మైకు పెట్టడం కుదరదు, సాయంత్రం గాలికి పిల్లలతో వచ్చిన జనం సాక్ష్యాలు వినడానికి రారు. పాడాలనుకుంటే బుధవారం ప్రార్థన కూటంలో పాడండి, అక్కడ మీ పాట కోసం చూసేవాళ్ళుంటారు.

మరి చేసేదేంటి అంటావా? మీ చేతిలో ఉన్న పనే. మేలో ఇక్కడ ప్లస్ టూ ఫలితాలు వస్తాయి, ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌కి, ఆర్ట్స్ కాలేజీలకి ఆన్‌లైన్ అప్లికేషన్లు తెరుస్తారు. ఇంట్లో మొదటిసారి డిగ్రీ గడప తొక్కే పిల్లలకి ఫీజు రాయితీ ఉంది, దానికి ‘ఫస్ట్ గ్రాడ్యుయేట్’ సర్టిఫికెట్ కావాలి, దాన్ని ఆన్‌లైన్‌లో పెట్టాలి, ఫొటో సైజు ఎక్కువైతే సైట్ ఒప్పుకోదు, ఓటీపీ వచ్చేసరికి నాన్న డ్యూటీలో ఉంటాడు, ఫోన్ ఆయన జేబులో ఉంటుంది. ఇరవై మంది లాప్‌టాప్‌లతో సంఘం హాల్లో మూడు రోజులు కూర్చుంటే ఎన్ని ఇళ్ళకి మేలో! వచ్చేముందు తమిళం చదవగలిగినవాళ్ళు ఇద్దరు జట్టులో ఉన్నారో లేదో చూసుకో. ఆ పని జరుగుతుండగా మీరెవరు, ఎందుకొచ్చారు అని వాళ్ళే అడుగుతారు, అప్పుడు చెప్పుకో నీ సాక్ష్యం, ఎవరు వద్దన్నారు?

ప్రశ్న: ఇరవై మంది రైలు ఛార్జీలు, హోటల్, టీషర్టులు, భోజనాలు అన్నీ కలిపితే ఒక పాస్టర్‌కి చాలా నెలల జీతం అవుతుంది. ఆ డబ్బేదో పంపేస్తే పోదా? నేనీ మాట అంటే మా కమిటీలో అందరూ నన్ను అవిశ్వాసిలా చూస్తున్నారు. (సంఘ పెద్ద, వైట్‌ఫీల్డ్)

జవాబు: లెక్క మీదే కరెక్ట్ అండీ. అయితే ఆ డబ్బు మిగిలితే నిజంగా పంపుతారా అన్నది కమిటీ మీటింగ్‌లో నిలదీయండి. చాలా సంఘాల్లో ట్రిప్ మానేస్తే డబ్బు సౌండ్ సిస్టమ్‌కి వెళ్తుంది. నామటుకు నేను ట్రిప్ పూర్తిగా వద్దనను. బెంగళూరు అపార్ట్‌మెంట్‌లో పెరిగిన కుర్రాడు ఇక్కడ ఒక ఇంట్లో దిగి, పొద్దున్నే వీధిలోకి మెట్రో వాటర్ లారీ వచ్చేసరికి ఆకుపచ్చ, నారింజ ప్లాస్టిక్ బిందెలతో ఆ ఇంటావిడ వెనకే పరిగెత్తి, ఆమె పట్టిన నీళ్ళలోంచి తనకి రెండు బకెట్లే స్నానానికి వస్తాయని తెలుసుకుంటే అది డబ్బుతో పంపలేనిది. కాకపోతే దాన్ని మీ పిల్లలు నేర్చుకునే ప్రయాణం అని నిజాయితీగా పిలవండి, ‘చెన్నైని కదిలిస్తాం’ అని బ్యానర్ కట్టకండి. ఎనిమిది మంది రండి, ఇళ్ళల్లో దిగండి, హోటల్ డబ్బు మిగులుతుంది, అది సంఘానికివ్వండి.

ప్రశ్న: నమస్తే అమ్మా. మా అమ్మాయి ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. వాళ్ళ యూత్‌తో చెన్నై వస్తానంటోంది. ఆయన ఒప్పుకున్నారు గానీ నాకే టెన్షన్. తెలియని ఇళ్ళల్లో పడుకోవడం, మే ఎండలు... పంపమంటారా? (ఒక తల్లి, మారతహళ్ళి)

జవాబు: పంపండమ్మా, కొన్ని అడిగి తెలుసుకుని. ఆడపిల్లలు ఏ ఇంట్లో ఉంటారు, ఆ ఇంటావిడ ఫోన్ నంబర్ మీ చేతికొచ్చిందా? ముందుగా మీరే ఆవిడతో ఒకసారి మాట్లాడండి, రెండు నిమిషాల్లో మనసు తేలికవుతుంది. అమ్మాయి ఒక్కతే కాకుండా ఇద్దరు ముగ్గురు కలిసి ఒక ఇంట్లో ఉండాలి. జట్టులో పెళ్ళయిన అక్క ఒకరైనా ఉండాలి, కుర్ర లీడర్ల మీద వదిలేయకూడదు. పిల్లల కార్యక్రమాల్లో పెద్దవాళ్ళెవరూ ఒక పిల్లతో గదిలో ఒంటరిగా ఉండకూడదన్న రూల్ సంఘానికి ఉందా అని కూడా అడగండి. రూల్ ఏంటండీ అని వాళ్ళు తెల్లబోతే నేనైతే పంపను. ఎండకి మజ్జిగ, నూలు బట్టలు, మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా వీధి తిరగడం మానడం, అంతే.

ప్రశ్న: మా కజిన్ డాలస్‌లో ఉంటాడు, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకి ఇచ్చేది) ఉంది. అతనూ, చర్చ్ ఫ్రెండ్ ఒక అమెరికన్ టూరిస్ట్ వీసా మీదా మాతో వస్తామంటున్నారు. వాళ్ళ చర్చ్ వాళ్ళు కొంత డబ్బు నా అకౌంట్‌కి వేస్తారట. ఇబ్బంది ఉంటుందా? (హెచ్.ఎస్.ఆర్. లేఅవుట్)

జవాబు: ఉంటుంది. ఓసీఐ ఉన్నవాళ్ళు మిషనరీ పని చేయాలంటే ముందుగా ప్రత్యేక అనుమతి తీసుకోవాలని 2021 మార్చి నోటిఫికేషన్‌లో ఉంది. టూరిస్ట్ వీసా మీద వచ్చినవాళ్ళు సువార్త ప్రకటన చేయడం వీసా షరతులకి విరుద్ధం, పట్టుబడితే వెనక్కి పంపేయడమే కాదు, మళ్ళీ రానివ్వకపోవచ్చు. చుట్టపుచూపుగా రానీ, ఆదివారం ఆరాధనకి వచ్చి కూర్చోనీ, చర్చిలు చూడనీ, తప్పులేదు. మైకు మాత్రం ఇవ్వకండి. మనవాళ్ళకి తెల్లదొర కనిపిస్తే మైకు చేతిలో పెట్టేదాకా నిద్రపట్టదు, అక్కడే జాగ్రత్త.

డబ్బు విషయం ఇంకా సూటిగా చెబుతున్నా: మీ అకౌంట్‌కి వేయించుకోకండి. విదేశీ సంస్థ సంఘం పనికిచ్చేది విదేశీ విరాళాల చట్టం కిందికి వస్తుంది. దానికి రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థే తీసుకోవాలి, అదీ ఢిల్లీలో స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాలోనే. 2020 సవరణ తర్వాత ఒక సంస్థ తీసుకుని ఇంకో సంస్థకి పంచడం కూడా కుదరదు. మీ ఖర్చు మీ జీతాల్లోంచి పెట్టుకోండి, సాఫ్ట్‌వేర్ వాళ్ళే కదా.

ప్రశ్న: ఇంటింటికీ వెళ్ళి సువార్త చెబితే తమిళనాడులో కేసు పెడతారా? (యలహంక)

జవాబు: తమిళనాడులో బలవంతపు మతమార్పిడుల మీద 2002లో చట్టం తెచ్చారు, 2004లో వెనక్కి తీసుకున్నారు. రాజ్యాంగం 25వ అధికరణ మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు ఇస్తుంది. అయితే ఇంకొకరిని మార్చడం అనేది హక్కు కాదని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. చట్టం సంగతి తెలుసుకోవడం మంచిదే, కానీ తలుపు తీసినావిడ ‘వద్దు’ అంటే ‘సరేనమ్మా’ అని వచ్చేయడానికి ఏ కోర్టు తీర్పూ అక్కర్లేదు.

ప్రశ్న: ఫొటోలు, రీల్స్ పెట్టకపోతే స్పాన్సర్లు ఊరుకోరు. బాప్తిస్మం జరిగితే వీడియో తీయొచ్చా? (ఎలక్ట్రానిక్ సిటీ)

జవాబు: తీయొద్దు. దీనికి కారణం చాలామందికి తట్టదు కాబట్టి వివరంగా చెబుతాను. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే, తర్వాత సిక్కులకి, బౌద్ధులకి కూడా ఇచ్చారు. క్రైస్తవులకి లేదు. తమిళనాడులో ఎస్సీ నుంచి క్రైస్తవులైనవాళ్ళని బీసీలుగా లెక్కిస్తారు. ఇక్కడి కాలనీల్లో ఒకే ఇంట్లో తల్లి సంఘానికి వస్తుంది, తండ్రి రాడు, కూతురి సర్టిఫికెట్ ఇంకో రకంగా ఉంటుంది. 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు పుదుచ్చేరి మహిళ ఒకామె కేసులో, ఆమె క్రైస్తవ విశ్వాసంలో నడుస్తోందని తేల్చి ఎస్సీ సర్టిఫికెట్ నిరాకరించింది. అది న్యాయమా కాదా అన్నది పెద్ద చర్చ, నాకు మాత్రం అన్యాయమనే అనిపిస్తుంది. కానీ మీ ముప్పై సెకన్ల రీల్ వల్ల ఒక పిల్ల కాలేజీ సీటు చిక్కుల్లో పడితే మీరు అప్పటికి బెంగళూరులో ఉంటారు. మొహాలు కనిపించే ఫొటోలు వద్దు, పిల్లలవి అసలే వద్దు. స్పాన్సర్లకి ఖర్చుల లెక్క పంపండి. దానికి ఒప్పుకోని స్పాన్సర్ మీకు అక్కర్లేదు.

ప్రశ్న: ఒక రోజు చర్చిలు చూద్దామనుకుంటున్నాం. ఏవి చూడాలి? శాంతోమ్ తప్ప మాకేమీ తెలియదు. (బి.టి.ఎం. లేఅవుట్)

జవాబు: ఈ ఉత్తరం చూస్తే సంతోషమేసింది. నన్నడిగితే ఈ రోజు చివర పెట్టుకోకూడదు, మొదటి రోజే పెట్టుకోవాలి. ‘సువార్త అందని ఊరు’ అనుకుంటూ వచ్చేవాళ్ళు ఇక్కడ ఏముందో ముందు చూస్తే మంచిది.

పొద్దున్నే సెంట్రల్ దగ్గర మెట్రో గ్రీన్ లైన్ ఎక్కితే సెయింట్ థామస్ మౌంట్, మనవాళ్ళ పరంగిమలై. అపొస్తలుడైన తోమా క్రీ.శ. 72లో ఆ కొండ మీదే హతసాక్షి అయ్యాడని ఇక్కడి విశ్వాసం. చరిత్రకారులకి దానిమీద వాదాలున్నాయి. కానీ కొండ మీది గుళ్ళో పహ్లవీ లిపి చెక్కిన రాతి సిలువ ఉంది, పోర్చుగీసువాళ్ళకి 1547లో దొరికింది. పాత పర్షియన్ లిపి అది. యూరప్ వాళ్ళు ఓడలెక్కి రాకముందే ఈ తీరంలో క్రైస్తవులు ఉన్నారనడానికి అంతకంటే ఏం కావాలి? అక్కడి నుంచి మైలాపూర్ వచ్చి 1516 నాటి లజ్ చర్చి, ఆ తర్వాత శాంతోమ్. తోమా సమాధి ఉందని చెప్పే ఆ తెల్లటి కట్టడం ఇప్పటి రూపంలో 1896 నాటిది. కపాలీశ్వరుడి గుడి కూడా దగ్గరే. అసలు పాత గుడి సముద్రం ఒడ్డున ఉండేదని, పోర్చుగీసుల కాలంలో పోయిందని మైలాపూర్ వాళ్ళు చెబుతారు. అదీ వినండి, ముఖం తిప్పుకోకండి.

మధ్యాహ్నం సెయింట్ జార్జ్ కోటలో సెయింట్ మేరీస్ చర్చి, 1680లో ప్రతిష్ఠ. సచివాలయం అదే కోటలో ఉంది కాబట్టి గేటు దగ్గర తనిఖీ ఉంటుంది, ఆధార్ కార్డు మర్చిపోవద్దు. మన తెలుగువాళ్ళకి మద్రాసుతో ఉన్న ముడి మాత్రం ఏ గైడూ చెప్పడు. 1720లలో తరంగంబాడి నుంచి మద్రాసు వచ్చిన బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ పాదిరీ తెలుగు నేర్చుకుని బైబిల్ అనువాదానికి పూనుకున్నాడు. తర్వాత ఆయన తన దేశానికి వెళ్ళిపోయి, 1746లో హాలే పట్టణంలో తెలుగు అక్షరాలు పోతపోయించి చిన్న పుస్తకాలు వేశాడు. అచ్చయిన తొలి తెలుగు పుస్తకాలు అవే. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే కూడా కొన్నేళ్ళు మద్రాసులో ఉండి, 1840లో నెల్లూరు వెళ్ళాడు. ఈ ఊరు ఆయనకి తెలుగు చెవిన పడిన చోట్లలో ఒకటి. ఆయన ఒక్కరోజు ట్రిప్‌కి రాలేదు లెండి.

సాయంత్రం ఓపికుంటే ఎగ్మూర్‌లో సెయింట్ ఆండ్రూస్ కిర్క్, 1821 నాటిది, లోపల గుండ్రంగా ఉంటుంది, పైకి చూస్తే నీలం గుమ్మటం. పెద్దగా మాట్లాడకండి, సెల్ఫీలు బయట.

ప్రశ్న: తిరిగొచ్చాక సంఘంలో రిపోర్ట్ ఇవ్వాలి. ‘ఎన్ని ఆత్మలు?’ అని, అంటే ఎంతమంది విశ్వాసంలోకి వచ్చారని అడుగుతారు. ఏం చెప్పాలి? (హెబ్బాళ)

జవాబు: ఎన్ని అప్లికేషన్లు నింపారో చెప్పండి, అది లెక్కకి అందుతుంది. ఆత్మల సంగతి మీకెలా తెలుస్తుంది, ఐదు రోజుల్లో! రిపోర్ట్ మీరివ్వడం మానేసి, ఆ ఆదివారం ఇక్కడి పాస్టర్ గారినో, మీరు దిగిన ఇంటావిడనో ఫోన్‌లో స్పీకర్ పెట్టి మాట్లాడించండి. ‘పిల్లలు మంచివాళ్ళే గానీ గిన్నెలు కడగడం రాదు’ అని ఆవిడ అంటే అందరూ వింటారు, వచ్చే ఏడాది జట్టుకి అదే ట్రైనింగ్.

ప్రశ్న: టికెట్లు ఎప్పుడు బుక్ చేయాలి? (మరో ముగ్గురు ఇదే అడిగారు)

జవాబు: ఇప్పుడు రైల్వే బుకింగ్ 60 రోజుల ముందే తెరుస్తున్నారు, ఇదివరకటిలా 120 కాదు. మే నెల వారాంతాలు తెరిచిన పూటే అయిపోతాయి. బృందావన్, లాల్‌బాగ్ పగటి రైళ్ళు, జట్టుకి అవే నయం. తిరుగు ప్రయాణం సోమవారం పెట్టుకోండి, ఆదివారం ఆరాధన మధ్యలో లేచి స్టేషన్‌కి పరిగెత్తే జట్లని చూసి ఇక్కడి పెద్దలకి ఒళ్ళు మండుతోంది.